ఇరవైకి ఒక గోలీ

మా అవ్వ సంవత్సరీకం ఇంకా కాలేదు, ఆమె ఇల్లు కూడా పోతోందని కబురొచ్చింది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. బాపు రిటైరయ్యాక గోదావరిఖని పక్కనే ఒక పల్లె చివర రెండు గదులు వేసుకున్నాడు. ఆయనా అందులోనే పోయాడు, అవ్వా అందులోనే పోయింది. ఇప్పుడు ఆ పల్లె మొత్తం కొత్త ఓపెన్‌కాస్టు గని కిందికి పోతోంది. నేలను పైనుంచి ఒలుచుకుంటూ వచ్చే గనికి చేను, గుడి, స్మశానం అన్నీ ఒకటే. మిగిలిన సామాన్లు తీసుకుపోదామని బతుకమ్మ పండుగ ముందర నేను కరీంనగర్ నుంచి వచ్చాను. మూటలు కట్టడానికి సాయంగా ఓదెలు మామ వచ్చాడు. అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరిలో బొగ్గు గరగరమని వినిపిస్తుంది.

సైరన్ మోగగానే నా చేతులు వాటంతటవే గోడను పట్టుకున్నాయి. ఇన్నేళ్లు ఈ ప్రాంతానికి దూరంగా బతికినా ఆ అలవాటు పోలేదు. సైరన్ తర్వాత పేలుడు, పేలుడుతో పాటు కాళ్ల కింద నేల ఒకసారి జరగడం, పైకప్పు నుంచి నెత్తిమీద మట్టి రాలడం. వంటగది గోడ పైనుంచి కిందిదాకా పగిలి ఉంది, అందులో నా చెయ్యి దూరుతుంది. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయిన మనిషి ఇంటిని కూడా కొట్టకుండా ఉండలేరా అనిపించింది.

దుమ్ము సర్దుకున్నాక సజ్జ మీద చెయ్యి పెట్టి తడిమితే పాత రేకు డబ్బా తగిలింది. చూడటానికి అనిపించినదానికంటే బరువుగా ఉంది. మూత ఊడదీస్తే మట్టి గోలీలు. రేగుపండంత, నున్నగా, పొయ్యి సెగకు నల్లబడినవి. తాడు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మామ వాటిని చూసి అక్కడే ఆగిపోయాడు.

"గవి ఇంక ఉన్నయా?" అన్నాడు.

సమాధానం కోసం ఆగకుండా బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. తాడు ఆయన కాళ్ల దగ్గర పడిపోయింది. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని వంటగదిలోనే కూలబడ్డాను. ఆ గోలీల వాసన చూశాను. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. కానీ బాపు చొక్కా జేబు వాసన నా ముక్కులో ఎక్కడో దాక్కుని ఉన్నట్టుంది, అది లేచి వచ్చింది.

బాపుది పాత ఓపెన్‌కాస్టులో మందు పేల్చే గ్యాంగులో పని. మందు అంటే బండను పగలగొట్టే మందు. బండలో తొలిచిన బొక్కల్లో మందు కూర్చి, దాని మీద మెత్తగా పిసికిన మట్టిని గట్టిగా దట్టించాలి. అది సరిగ్గా దట్టించకపోతే పేలుడు పక్కకు తన్ని మనుషుల్ని తీసుకుపోతుంది. బాపు డ్యూటీ నుంచి రాగానే ఆ మందు వాసన ఇంటి ముందే ఆగేది, ఎందుకంటే స్నానం కాకుండా అవ్వ ఆయన్ను గడప దాటనిచ్చేది కాదు. ఆ వాసనకు తల పగిలేలా నొప్పి వస్తుంది. బాపుకు రోజూ వచ్చేది. తడి తువ్వాల నెత్తికి బిగించి కట్టుకుని, క్వార్టరు ముందు బొగ్గుల పొయ్యి పక్కన కూర్చునేవాడు. సాయంత్రమైతే క్వార్టర్ల లైనంతా బొగ్గుల పొయ్యిలే. పొగలో పక్కింటివాళ్ల మొహం కనిపించేది కాదు, వాళ్ల తిట్లు మాత్రం శుభ్రంగా వినిపించేవి. ఆ సెగ దగ్గరే బాపు మిగిలిన మట్టితో గోలీలు చేసి ఆరబెట్టేవాడు.

మా కాలనీలో కొట్టడం మాట్లాడటంలో ఒక భాగం. మగవాళ్లు పెళ్లాల్ని కొట్టేవాళ్లు, పెళ్లాలు పిల్లల్ని కొట్టేవాళ్లు, పిల్లలు కుక్కల్ని కొట్టేవాళ్లు. కల్లు తాగి ఒకడి తల ఒకడు పగలగొట్టుకుని, మర్నాడు ఒకే షిఫ్టులో పక్కపక్కనే దిగేవాళ్లు. బాయిలో, అంటే భూగర్భ గనిలో, పైకప్పు కూలితే మనిషి చెయ్యో కాలో అక్కడే ఉండిపోయేది. దసరాకు లైను చివర మేకలు తెగేవి, ఆ నెత్తురు మురికి కాలవలో మా గుమ్మం ముందు నుంచే పోయేది, మేము దాన్ని దాటుకుని పాలపిట్టను చూడటానికి కొత్తబట్టలతో పోయేవాళ్లం. ఇదంతా ఇప్పుడు చెబుతుంటే నోరు తెరిచి వింటారు కానీ, అప్పుడు మాకు అది బతుకు, అంతే. బాపు కూడా దేవుడేం కాదు. ఆయన చెయ్యి దురుసు. అన్నంలో రాయి వస్తే కంచం గోడకు తగిలేది.

అలాంటి మనిషి ఏడాదికి ఒక్క కాలంలో మాత్రం మెత్తబడేవాడు. తంగేడు పూసి, గునుగు తెల్లబడి, పగటి ఎండకు ఇంకా పొగరు తగ్గని రోజుల్లో, మంచిర్యాల దిక్కు నుంచి గోదావరి దాటుకుని గద్దలు వచ్చేవి. మన ఊళ్లో కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్దలు కావు. ఎక్కడో చలిదేశాల్లో పుట్టి దక్షిణానికి పోయేవి. పెద్ద గద్దలు, వాటి వెనక సన్నటి రెక్కల డేగలు. బాపు వాటన్నింటినీ కలిపి దూరపు గద్దలు అనేవాడు. ఓపెన్‌కాస్టులో తవ్విపోసిన మట్టి గుట్టలు ఎండకు కాలి, వాటి మీది గాలి వేడెక్కి పైకి లేచేది. గద్దలకు ఆ గాలి కావాలి. రెక్క ఆడించకుండా అందులో గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ, కంటికి చుక్కలయ్యేదాకా ఎక్కి, అక్కడ ఒక్కొక్కటే చుట్టు విడిచి దక్షిణానికి జారిపోయేవి.

పేలుడుకు ముందు ఎర్రజెండా పట్టుకుని ఎవరూ ఆ దిక్కుకు రాకుండా కాపలా ఉండటం కూడా బాపు పనే. గంటల కొద్దీ అలా నిలబడిన మనిషి ఏం చేస్తాడు, పైకి చూస్తాడు. చూసినవాడు ఊరుకోక లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సెలవు రోజుల్లో కూడా గుట్ట ఎక్కేవాడు, నన్ను వెంట తీసుకుపోయేవాడు.

"తిరిగేటప్పుడు లెక్కబెట్టద్దు," అనేవాడు. "తిరిగేటప్పుడు ఒక్కటే నాలుగైతది. ఇడిసిపొయ్యేటప్పుడు పెట్టాలె. షిఫ్టు దిగినోళ్లను బాయి మూతి కాడ ఒక్కొక్కలను లెక్కబెట్టినట్టు."

ఇరవై గద్దలకు ఒక గోలీ. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. చూపు మాత్రం కిందికి దిగకూడదు. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. పాతకాలంలో బాయి మూతి దగ్గర కూర్చున్న మనిషి లోపలికి దిగినవాళ్లను, బయటికి వచ్చినవాళ్లను ఇలాగే గోలీలతో లెక్కపెట్టేవాడట. ఒక మనిషి నిలబడి జేబులోంచి జేబులోకి ఏదో వేస్తున్నాడంటే, మా ప్రాంతంలో పెద్దవాళ్లెవరైనా ఒకటే అనుకుంటారు, మనుషుల్ని లెక్కపెడుతున్నాడని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, జరిగినదంతా దీనివల్లే జరిగింది.

ఒకసారి ఆయన లెక్క మధ్యలో ఉండగా "బాపూ, ఆకలైతుంది" అన్నాను. చూపు పైనుంచి దించకుండానే చెంప మీద ఒకటి ఇచ్చాడు. చెవి గుయ్యిమంది. సాయంత్రం ఇంటికి పోతూ దారిలో తంగేడు పూలు తెంపి నా ఓణీ నిండా పోశాడు. తప్పయిందని చెప్పడం ఆయనకు రాదు. నాకు ఆ చెంపదెబ్బ మీద ఇప్పటికీ కోపమే, ఆ పూల మీద ఇప్పటికీ ప్రేమే.

అవ్వకు మాత్రం ఈ లెక్కంటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె పొయ్యి మీది రొట్టెల్ని కూడా లెక్కపెట్టేది కాదు. పిల్లలెందరని ఎవరైనా అడిగితే "ఉన్నరు" అనేది.

"పానమున్నదాన్ని లెక్కబెడుతరా ఎవలన్న? లెక్కబెడితె తగ్గుతది. నువ్వు మందు పేల్చేటోనివి, నీకెందుకు గీ పాడు లెక్క?" అని రోజూ గొడవ. పైగా గద్దలు. పాలపిట్టకు దండం పెట్టే జనమే గద్ద ఇంటిమీద వాలితే ఉమ్మేస్తారు. ఓదెలు మామ ఆ గొడవ వింటూ నవ్వేవాడు. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు, మా క్వార్టరులోనే తినేవాడు, బాపు గ్యాంగులోనే మట్టి దట్టించే పని చేసేవాడు. ఆ పనిలో పెట్టించింది, పని నేర్పింది బాపే. "బావా, ఇయ్యాల ఎన్ని గోలీలు?" అని అడిగితే, బాపు ఎడమ జేబు మీద తట్టి చూపించేవాడు.

నేను ఇంటరు చదివే ఏడు, సరిగ్గా ఆ గద్దల కాలంలో, ఒక బాయిలో పైకప్పు కూలి మనిషి చనిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు పెళ్లాం గుర్తుపట్టలేకపోయింది, కాళ్లు చూసి గుర్తుపట్టింది. మర్నాటి నుంచి సమ్మె. బాయిలు, ఓపెన్‌కాస్టులు అన్నీ ఆగిపోయాయి. బాపు, మామ ఇద్దరూ సమ్మెలోనే. గని రోడ్డు పక్కన టెంటు వేసి జెండాలు కట్టారు. పోలీసు బండ్లు వచ్చాయి, లాఠీలు లేచాయి, మా లైనులోనే ఒకతని కాలు విరిగింది. తర్వాత ఒక పుకారు లేచింది. టెంటు దగ్గర ఎవరెవరు కూర్చుంటున్నారో ఎవడో మనలోనివాడే కంపెనీకి లెక్క అందిస్తున్నాడని. నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ మాట పుట్టాక మనిషిని చూసి మనిషి మాట ఆపేయడం మొదలైంది. ఒకరిద్దరిని అనుమానంతో చెట్టుకు కట్టి కొట్టారు.

సమ్మెతో ఇంకొకటి జరిగింది, దాన్ని బాపు ఒక్కడే గమనించాడు. పేలుళ్లు ఆగిపోయాయి. దుమ్ము ఆగిపోయింది. లారీల రొద లేదు. ఆకాశం కడిగినట్టు అయింది, ఎన్నడూ రానన్ని గద్దలు వచ్చాయి. ఎన్నడూ దిగనంత కిందికి దిగాయి. బాపు ఇంట్లో నిలవలేకపోయాడు. రోజూ అన్నం తిన్నాననిపించి గుట్ట ఎక్కేవాడు. ఆ గుట్ట కిందే రోడ్డు, రోడ్డు పక్కనే టెంటు. పైకి చూస్తున్న మనిషి పైకి చూస్తున్నాడని కిందివాళ్లకు ఎలా తెలుస్తుంది? నెత్తి మీద తువ్వాల కప్పుకున్న ఒక ఆకారం గుట్ట మీద నిలబడి, కుడి జేబులోంచి ఎడమ జేబులోకి గోలీలు వేస్తోంది. వాళ్లకు కనిపించింది అంతే.

వెనక నుంచి ఎక్కారు. మొహాలకు రుమాళ్లు కట్టుకున్నారు. చేతుల్లో జెండా కర్రలు, పార కామలు, అంటే పారకు వేసే కర్ర పిడులు. బాపు చూపు ఇంకా పైనే ఉంది, ఎన్నో ఇరవైలో ఉన్నాడు. మొదటి దెబ్బ నడుము మీద పడింది. తిరిగేలోపు రెండోది. ఎవరో "కంపెనీ కుక్కా" అన్నారట. కిందపడ్డాక జేబులు చింపి గోలీలు బయటికి లాగారు, అవి చూసి ఇంకా రెచ్చిపోయారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కుడి చెయ్యి రాయి మీద పెట్టించి పార కామతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు తనకే వినిపించిందని బాపు తర్వాత చెప్పాడు, ఎండు కట్టె విరిగినట్టే ఉందట. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు, పేలుళ్లు తిన్న చెవులు. ఆ చప్పుడు మాత్రం వినపడిందట.

బతుకమ్మకు గునుగు పువ్వు కోసుకోవడానికి పోయిన ఆడవాళ్లు చూసి, పూలమూటలు పారేసి, ఆయన్ను మోసుకొచ్చారు. మా గుమ్మంలో పడుకోబెట్టినప్పుడు చొక్కా నెత్తుటితో అట్ట కట్టి ఉంది, దానికి తెల్లటి గునుగు రేకులు అంటుకుని ఉన్నాయి. అవ్వ ఏడవలేదు. పళ్లు పటపట కొరికింది. నన్ను పక్కకు తోసి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని "ఎవలు?" అని అడిగింది.

"రుమాళ్లు కట్టుకున్నరు," అన్నాడు బాపు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. దవాఖానలో పోలీసులు అడిగినా అదే మాట.

దవాఖానకు మామ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం చివర నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. బాపు ఆయన చేతుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత "దూప అయితుంది ఓదెలూ, నీళ్లు పట్టియ్యి" అన్నాడు. మామ గ్లాసు పట్టించాడు. ఆయన చెయ్యి వణికి సగం నీళ్లు బాపు మెడ మీద పోయాయి. బావంటే ఎంత ప్రాణమో అనుకుని నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అవ్వ కొప్పు విప్పేసి వీధిలోకి దిగింది. లైను లైనుకూ ఆగి, దోసిళ్లతో దుమ్మెత్తి పోస్తూ నోటికొచ్చినట్టు తిట్టింది. "నా మొగని చెయ్యి ఇరగ్గొట్టినోని చేతులు మాడిపోను! వానికి ముద్ద నోటికి పోకుంట పోను! వాడు తినే కంచంల పురుగులు పడ!" తలుపులు మూసుకున్నవాళ్లు మూసుకున్నారు, తెరిచి చూసినవాళ్లు చూశారు. ఆమె విడిచేసిన చెప్పులు చేత్తో పట్టుకుని ఓదెలు మామ వెనకే నడిచాడు. "తమ్ముడా, వాళ్లెవలో నువ్వే దేవులాడాలె, నువ్వే ఇరగ్గొట్టాలె" అంటే, "సరే అక్కా" అన్నాడు. ఆ రోజు అవ్వ వడ్డిస్తే మా ఇంట్లోనే తిన్నాడు. తిన్నాడు అంటున్నాను కానీ, కంచం ముందు కూర్చున్నాడు అంతే.

పిండికట్టుతో ఇంటికి తెచ్చిన మర్నాడే బాపు చొక్కా అడిగాడు. గుట్టకు పోతానన్నాడు. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈసారి పానం తీస్తరు."

"తియ్యనీ. ఇంట్ల పండుకుంటె వాళ్లన్నదే నిజమైతది. రేపు నా బిడ్డను సూసి కంపెనీ మనిషి బిడ్డ అంటరు. గా మాట మోసుకుంట ఎట్ల బతుకుతనే?"

అవ్వ ఆయన్ను చూసింది. నన్ను చూసింది. లోపలికి పోయి కూరగాయలు తరిగే కత్తిపీట ఎత్తుకుని వచ్చింది. "నడువు" అంది.

అలా పోయాం. ముందు బాపు, ఒక చెయ్యి మెడకు వేలాడదీసుకుని, ఇంకో చేతిలో ఇంట్లో మిగిలిన గోలీల డబ్బాతో. వెనక కత్తిపీటతో అవ్వ. ఆమె వెనక నేను. బాపు ఈసారి గుట్ట ఎక్కలేదు. నేరుగా టెంటు ముందు, రోడ్డు మధ్యలో, అందరికీ కనపడేలా నిలబడ్డాడు. ఒక్కసారిగా లేచారు. "మళ్లచ్చిండురో!" అని ఒకడు. "ఇంకో చెయ్యి మిగిలిందని వచ్చినవా?" అని జెండా కర్ర పట్టుకున్న మనిషి. కర్రలు పైకి లేచాయి. అవ్వ కత్తిపీట ఎత్తింది. ఆ ముందుకొచ్చే వరసలో ఒక్కడు ఇంకో అడుగు వేసి ఉంటే ఒక మెడ తెగేది, తర్వాత మేము ముగ్గురం మిగిలేవాళ్లం కాదు.

బాపు వాళ్లనెవరినీ చూడలేదు. గుంపులో ఒక్కణ్ణి వెతికాడు. "ఓదెలూ!" అని పిలిచాడు. "ఇట్ల రా. నా చెయ్యి పనిజేస్తలేదు. గోలీలు నువ్వు పట్టు."

మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంపంతా ఆయన వైపు తిరిగింది. రాకపోతే సొంత బావ పిలిస్తే రానివాడు, వస్తే కంపెనీ మనిషికి తోడుపోయినవాడు. వచ్చాడు. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చాడు. బాపు డబ్బా ఒంచి గోలీలన్నీ ఆయన కుడి జేబులో పోశాడు. "ఇరవై అన్నప్పుడల్లా ఒక్కటి ఈ జేబులకెల్లి ఆ జేబులకు. ఆపకు" అన్నాడు. తల ఎత్తి, గొంతెత్తి, మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. మూడు. నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. పేలుడుకు ముందు కేకేసే గొంతు అది. ఇరవై అన్నాడు. మామ గోలీ వేశాడు. ఒక రాయి వచ్చి మామ కణతకు తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. ఆయన చెయ్యి కణత మీదికి పోబోయింది.

"ఆపకు," అన్నాడు బాపు, చూపు దించకుండానే.

మామ ఆపలేదు. ఇంకో రాయి, అది అవ్వ భుజానికి. అవ్వ కదల్లేదు. ఇరవై. గోలీ. ఇరవై. గోలీ. ఎన్నో ఇరవై దగ్గరో తెలియదు, రాయి పట్టుకుని ఉన్న ఒక ముసలి కార్మికుడు, ఈ మనిషి దేన్ని చూసి అరుస్తున్నాడోనని తల పైకెత్తాడు. ఎత్తినవాడు దించలేదు. పక్కవాడు ఎత్తాడు. తర్వాత జెండా కర్ర మనిషి కూడా. గుట్ట మీద ఆకాశం నిండా నల్లటి సుడి. కింద నుంచి పైదాకా గద్దలే, పైన ఒక్కొక్కటి విడిపోయి మా నెత్తుల మీదుగా దక్షిణానికి పోతున్నాయి. రాళ్లు ఎప్పుడు చేతుల్లోంచి జారాయో నేను చూడలేదు, నేనూ పైకే చూస్తున్నాను. ఎడమ జేబు నిండి మామ చొక్కా ఒక పక్కకు వాలిపోయేదాకా బాపు లెక్కపెట్టాడు. తర్వాత గోలీలు డబ్బాలో పోయించుకుని "పోదాం" అన్నాడు.

ఎవరూ క్షమించమని అడగలేదు. అడగడం మా ప్రాంతంలో ఎవరికీ రాదు. కానీ ఆ మర్నాటి నుంచి బాపు రోడ్డు మీద పోతుంటే "ఎన్నయినయి కాకా?" అని అరిచేవాళ్లు. బాపు పేరు రాజమల్లు, అది గద్దల రాజమల్లు అయింది. కంపెనీ మనిషి అన్న మాట ఆ పేరు కింద అణిగిపోయింది. సమ్మె ముగిసింది, పేలుళ్లు మొదలయ్యాయి. బాపు కుడి చెయ్యి సరిగ్గా అతకలేదు, అన్నం ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. మామకు దగ్గరుండి పెళ్లి చేశాడు. ప్రతి ఏడూ రాఖీ రోజు అవ్వను "నీ తమ్మునికి కట్టిరా పో" అని తనే తొందరపెట్టేవాడు. గద్దల లెక్కకు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ నన్ను తీసుకుపోలేదు. ఓదెలును పిలిచేవాడు. బాపు ఎడమ చేత్తో కూడా గోలీలు వేసుకోగలడు కదా, మామ ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. బావా బావమరుదుల ప్రేమ అనుకున్నాను.

ఇప్పుడు మా ప్రాంతంలో అలా ఎవరూ ఎవర్నీ రాయి మీద చెయ్యి పెట్టి కొట్టరు. అనుమానం వస్తే ఫోన్లో ఫోటో తీసి గ్రూపులో పెడతారు. సాయంత్రానికి వెయ్యిమంది వాడిని కుక్క అంటారు, ఎవరి చేతికీ నెత్తురు అంటదు. వాడు ఏ రోడ్డు మధ్యలో నిలబడి ఏ ఆకాశాన్ని చూపించాలి? అప్పటి కొట్లాటలు మంచివని నేను అనను, ఆ మాట అనడానికి నేను మా బాపు చెయ్యి మర్చిపోవాలి. కానీ అప్పుడు రాయి విసిరినవాడు ఎదురుగా ఉండేవాడు, తల ఎత్తితే చూడగలిగేవాడు.

డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను. మామ అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"మీ అవ్వకు ఎర్కనా?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"ఏంది మామా?"

"బావ చెయ్యి ఇరగ్గొట్టింది ఎవలో."

"ఎర్కలేకనే పోయింది. నీకు ఎర్కనా?"

ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. "పార కామ నా చేతులనే ఉండె, బిడ్డా."

ఆయన ఊపిరి కోసం ఆగుతూ ఆగుతూ చెప్పాడు. "గుట్ట మీద ఎవడో లెక్కగడుతుండు అన్నరు, అందరితోని ఉరికిన. గోలీల మాట ఎవలు అనలే, బావ అని నాకు ఎర్కలే. కిందపడ్డంక నెత్తి మీది తువ్వాల జారింది. సూసిన. నా చెయ్యి ఆగింది. పక్కపొంటి ఉన్నోడు, ఏందిరా ఆగినవు, నువ్వుగూడ వాని మనిషివా అన్నడు. ఏసిన. అనుమానం రాకుంట గట్టిగనె ఏసిన."

"బాపుకు?"

"బావకు అప్పుడే ఎర్క. రుమాలు కట్టుకుంటె మాత్రం నన్ను గుర్తువట్టడా? కామ లేపంగ నా కండ్లల్లకే సూసిండు. నా జేబుల గోలీలు ఎందుకు పోసిండనుకున్నవు?"

అవ్వ దుమ్మెత్తి పోస్తుంటే వెనక చెప్పులు పట్టుకుని నడిచిన మనిషి. అవ్వ పెట్టిన అన్నం ముందు కూర్చున్న మనిషి. చివరి రాఖీ కూడా ఆమె చేత్తో కట్టించుకున్న మనిషి. మూటలో కట్టిన రోకలి నా కాలి దగ్గరే ఉంది. నేను మా బాపు బిడ్డను, నా చెయ్యి కూడా దురుసే. ఒక్క క్షణం ఆ రోకలిని చూశాను. ముసలివాడు కూడా దాన్ని చూశాడు, జరగలేదు.

పేలుడు దుమ్ము పూర్తిగా దిగిపోయింది. పాత గుట్ట మీద, ఇప్పుడు దాని మీద తుమ్మలు మొలిచాయి, ఆ గుట్ట మీద వేడి గాలిలో ఏవో తిరుగుతున్నాయి. నేను డబ్బా మూత తీసి గోలీలన్నీ ఆయన కుడి జేబులో పోశాను.

"లే మామా."

"నాకు కండ్లు అవుపడయి బిడ్డా."

"సూసుడు నేను సూస్త. నువ్వు ఏసుడే."

గోడ పట్టుకుని లేచాడు. జేబులో చెయ్యి పెట్టి ఒక గోలీ తీసి సిద్ధంగా ఎడమ జేబు మీద పట్టుకున్నాడు, ఆ అలవాటు ఆయన చేతికి పోలేదు. నేను తల ఎత్తాను. పైన ఒకటి చుట్టు విడిచింది. ఒకటి అన్నాను, గట్టిగా, బాపు అన్నట్టే. రెండు. మూడు. ఎదురింట్లో మూటలు కట్టుకుంటున్నవాళ్లు బయటికి వచ్చి చూశారు. పది. పదకొండు. తర్వాత ఎడం పెరిగింది. పదహారు. చాలాసేపటికి పదిహేడు. ఆ తర్వాత గుట్ట మీద ఆకాశం ఖాళీ. నేను చూస్తూనే ఉన్నాను. మెడ నొప్పి పుట్టింది. ఏమీ రాలేదు.

పక్కన మామ ఊపిరి గరగరలాడుతోంది. గోలీ పట్టుకున్న చెయ్యి జేబు మీదే ఉంది.

"ఎయ్యాల్నా బిడ్డా?" అన్నాడు.

"ఇంక ఇరవై కాలే," అన్నాను.

ఆయన చెయ్యి దించలేదు. నేను దించమనలేదు.